తడిగోనె కప్పిన మోటారు

మోటారు కాగిందో లేదో తెలుసుకోవడానికి మా రోజుల్లో ఉన్న పరికరం అరచెయ్యి ఒక్కటే. మోటారు వీపు మీద చెయ్యి ఆనించి కాసేపు ఓర్చుకోగలిగితే బాగున్నట్టు, చురుక్కుమని వెనక్కి లాక్కుంటే బాగాలేనట్టు. ఇప్పటి కుర్రాళ్లకు ఇది నవ్వులాటగా ఉంటుంది. మీకు గోడ మీది బోర్డులో డిగ్రీలతో సహా కనపడుతుంది, హద్దు దాటకముందే గంట మోగుతుంది. నవ్వండి, నేనేమీ అనుకోను. ఆ అరచేతిని నమ్మి నేను ఒకసారి నిలువునా మోసపోయాను. దాదాపు ఒక మనిషి నోటికాడి కూడు పోయేది.

అప్పుడు నేను ఎమ్మిగనూరులో ఒక బట్టల మిల్లులో ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌ని. ఇల్లు ఆదోనిలో. పొద్దున బస్సెక్కి పోవడం, సాయంత్రం బస్సెక్కి రావడం. కోపిష్టివాణ్ణి. మిల్లులో నా ఎదుట నన్ను "అన్నా" అనేవాళ్లు, నా వెనకాల "షార్ట్ సర్క్యూట్" అనేవాళ్లు. ఆ సంగతి నాకు తెలుసు. తెలుసని మాత్రం వాళ్లకు తెలియనివ్వలేదు.

మా మిల్లుకు ప్రాణం గంజి మిషను. మగ్గం ఎక్కే ముందు పడుగు నూలుకు గంజి పట్టించాలి, లేకపోతే నేసేటప్పుడు పోగులు పుటుక్కు పుటుక్కున తెగుతాయి. పాతకాలంలో వీధి పొడుగునా పడుగు సాగదీసి, కుంచెలతో గంజి రాసి ఆరబెట్టేవాళ్లు. మా మిల్లులో నూలు ఉడుకు గంజి తొట్టిలో మునిగి, ఆవిరితో కాగే పెద్ద డ్రమ్ముల మీదుగా ఆరి, అవతల బీము అనే పెద్ద రోలరుకు చుట్టుకునేది. ఆ బీములు ఊళ్లోని మగ్గాలకు పోయేవి. గంజి మిషను ఆగిందంటే ఆ పూట ఎన్నో ఇళ్లలో మగ్గం చప్పుడు వినపడేది కాదు.

ఎనభైల నడుమ ఆ మిషనుకు కొత్త డి.సి. మోటారు, దానితో పాటు వేగం మార్చే డ్రైవు వచ్చాయి. బీరువా అంత పెట్టె, దాని ముఖాన ఒక గుండ్రటి నాబ్. అంతకు ముందు వేగం మార్చాలంటే మిషను ఆపి, పుల్లీ విప్పి, ఇంకో పుల్లీ బిగించాలి. ఇప్పుడు నాబ్ తిప్పితే చాలు, నడవమంటే నడుస్తుంది, పరిగెత్తమంటే పరిగెత్తుతుంది. పెట్టెకు పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, అందరం వరసలో నిలబడి తలా ఒకసారి నాబ్ తిప్పి చూసుకున్నాం. మేనేజరుగారు రెండోసారి కూడా వరసలోకి వచ్చారు.

ఆ మిషను నడిపేవాడు గోనెగండ్ల వైపు పల్లె నుంచి వచ్చినవాడు. తల్లీతండ్రీ పత్తి చేలల్లో కూలికి పోయేవాళ్లు. ఆదివారం చర్చికి పోయేటప్పుడు తప్ప కాళ్లకు చెప్పులు తొడిగేవాడు కాదు. మూటలు మోయడానికి మిల్లులో చేరి, గంజి కాచడం నేర్చి, చివరికి మిషను ముందు నిలబడ్డాడు. వాళ్ల ఇంట్లో నెల జీతం ముఖం చూసిన మొదటి మనిషి. మిల్లులో ఎక్కువమంది నేత కుటుంబాల వాళ్లు. "కూలోళ్ల పిల్లోనికి పడుగు సంగతి ఏం తెలుసప్పా" అని గొణిగే నోళ్లు కొన్ని ఉండేవి. ఆ మాట ఆయన చెవిన పడింది. తన బీములో పోగు తెగిందన్న మాట ఎవరి నోటా రాకూడదని పట్టుబట్టాడు. సన్ననూలు ఎక్కించిన రోజు నాబ్ బాగా కిందికి తిప్పేసేవాడు.

"నిదానంగా పోతేనే నూలు గంజి తాగుతాదన్నా. పరిగెత్తిస్తే పైపైన పూసుకోని పోతాది" అనేవాడు.

ఆయన మాట నిజమే. ఆయన బీములకు మగ్గాల దగ్గర మంచి పేరొచ్చింది. గొణిగిన నోళ్లే "ఆ గోనెగండ్లాయప్ప పట్టించిన పడుగే ఇయ్యండి" అని అడగడం మొదలుపెట్టాయి. సరిగ్గా అప్పుడే, ఎండాకాలంలో, మోటారు కాలింది.

కాలిందంటే మంటలు లేచాయని కాదు. గంజి వాసన నడుమ మాడిన వార్నిష్ వాసన వచ్చింది, మిషను ఈడ్చుకుంటూ ఈడ్చుకుంటూ నిలబడిపోయింది. మోటారు విప్పి లారీలో వేసి ఆదోనిలో సాహెబు కొట్టుకు తీసుకుపోయాను. సాహెబు చేత వైండింగు చేయించని మిల్లు ఆ చుట్టుపక్కల లేదు. ఆయన తీగలన్నీ కొత్తగా చుట్టి ఇచ్చాడు. తెచ్చి బిగించాం. ఎండలు ముదిరేసరికి మళ్లీ అదే వాసన.

ఇక్కడ మీకు ఒక్క సంగతి చెప్పాలి. మోటారు ఎక్కువ కరెంటు లాగితే దాన్ని ఆపెయ్యడానికి ఓవర్‌లోడు రిలే అని ఒకటుంటుంది. అది రెండుసార్లూ కదల్లేదు. విప్పి పరీక్ష చేశాను, రిలే శుభ్రంగా ఉంది. మీటరులో ముల్లు ఎప్పుడు చూసినా హద్దు లోపలే ఉంది. ఇక నా అరచెయ్యి సంగతి. సాహెబు రెండోసారి చుట్టి ఇచ్చి, మోటారు మళ్లీ బిగించాక, రోజూ రౌండుకు పోయినప్పుడల్లా దాని వీపు మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉండేది! ఆ ఎండల్లో, ఆ ఆవిరి గదిలో, నా వీపు కన్నా మోటారు వీపే చల్లగా ఉండేది. అది చూసి సంతోషపడ్డాను. చూశారా నా తెలివి!

ఈలోగా మేనేజరుగారు గంజి మిషను ఆయన్ను గదిలోకి పిలిపించారు. మేనేజరుగారు కోస్తా మనిషి, పనిమంతుడు, చెడ్డవాడు కాదు. కానీ మగ్గాలవాళ్లు బీముల కోసం ఆఫీసు మెట్ల మీద కూర్చుంటే ఎవరికి మాత్రం తిక్క రేగదు?

"ఏవిటయ్యా నువ్వు నడిపే తీరు? అంత నెమ్మదిగా ఈడిస్తే మిషను నీరసించి చస్తుంది. ఇంకొక్కసారి మోటారు కాలిందంటే నువ్వు గేటు బయట ఉంటావు. చెప్పలేదనొద్దు."

గంజి మిషను ఆయన బయటికి వచ్చి నేరుగా నా షెడ్డుకు వచ్చాడు. గడప దగ్గరే నిలబడ్డాడు.

"బిర్న తోలితే పోగులు తెగుతాయి, నేతోళ్లు తిడతారు. నిదానంగా తోలితే మోటారు కాలుతాది, సారు తరుముతాడు. నన్ను యాడికి పొమ్మంటావన్నా? మళ్లా పత్తి సేలల్లోకేనా?"

జవాబు తోచకపోతే నాకు కోపం వస్తుంది. ఆ కోపం సాహెబు మీదికి మళ్లింది. ఆ సాయంత్రమే ఆదోనిలో బస్సు దిగి, ఇంటికి కూడా పోకుండా ఆయన కొట్టుకు పోయి అరిచాను. వైండింగు సరిగ్గా చేసుంటే ఇంత గోల ఉండేదా అన్నాను. సాహెబు నా కన్నా పెద్దవాడు, కళ్లకు సుర్మా, నోట్లో పాన్. పాన్ పక్కకు నెట్టి నెమ్మదిగా అన్నాడు.

"గొంతు దించు భాయ్. ముందు చాయ్ తాగు."

చాయ్ వచ్చింది. రెండుసార్లు కాలిన తీగచుట్టలనూ ఆయన పారెయ్యకుండా మూలన ఉంచాడు. తెచ్చి నా ముందు పడేశాడు.

"దేఖో. నా చేతి పని ఖరాబైతే ఒక్క జాగాలో కాలాల. ఇది సుట్టూరా ఒక్కటే రంగు. ఇది కాల్లేదు, ఉడికినాది. ఉడికించినోడు ఎవుడో మీ మిల్లులో ఉండాడు." అంతటితో ఆగలేదు. "ఇంగోటి సెప్తా ఇను. రెండోతూరి ఇప్పినప్పుడు లోపలంతా తుప్పు. నీ మోటారు నీళ్లు తాగినాది. మోటారుకి నీళ్లు ఎవురు పోస్తారు భాయ్?"

సాహెబుకు క్షమాపణ చెప్పడానికి నోరు రాలేదు, ఇంకో చాయ్ చెప్పి నేనే తెప్పించాను. ఆయన అర్థం చేసుకున్నాడు.

మరునాడు రౌండుకు నా వేళకు పోలేదు. అందరూ సద్దులు విప్పుకునే వేళ చూసి గంజి గదిలోకి అడుగుపెట్టాను. మిషను మెల్లగా నడుస్తోంది. దాని పక్కన మనవాడు బకెట్లోంచి తడిసిన గోనెపట్ట తీసి, పిండి, మోటారు మీద కప్పుతున్నాడు. పసిపిల్లకు దుప్పటి కప్పినట్టు అంచులు కూడా సర్దుతున్నాడు.

నా అరుపుకు ఆవిరి కూడా ఆగిందనుకుంటాను. ఆయన గోనె అక్కడే వదిలేసి రెండడుగులు వెనక్కి పోయాడు.

"కాగుతాండాదన్నా. సెయ్యి పెట్టేకి కావడంల్యా. మాయింట్లో నీళ్ల కుండకి ఇట్లే కప్పుతాం గదా, సల్లబడతాదని..."

"నేను చూసినప్పుడు గోనె లేదే?"

"నువ్వు వస్తే అరుస్తావని ముందే తీసి దాసిపెడతాంటి."

నేను వచ్చే వేళ ఆయనకు తెలుసు. అప్పటిదాకా తడిగోనె కింద ఉన్న ఇనుము మీద నేను చెయ్యి పెట్టి, ఆహా ఎంత చల్లగా ఉందో అనుకుంటూ వచ్చాను. గోనె లాగి అవతల పారేశాను. అది గాలి పోయే కంతల్ని కూడా మూసేసింది. నీళ్లు ఆ కంతల్లోంచి లోపలికి కారాయి. కాసేపాగి మోటారు మీద చెయ్యి పెట్టాను. చురుక్కుమంది.

కోపం తగ్గాక ఒక ప్రశ్న మిగిలింది. గోనె కప్పింది మోటారు కాగాక. అంతకు ముందు అది ఎందుకు కాగింది? ముల్లు హద్దులోనే ఉంది. రిలే మాట్లాడ్డం లేదు. దారి పొడుగునా బస్సులో ఇదే ఆలోచన.

ఆ సాయంత్రం ఇంట్లో అన్నం ముందు కూర్చున్నాను. ఆదోనిలో ఎండాకాలం కరెంటు సంగతి మీకు తెలుసో లేదో. వోల్టేజి పడిపోయి పైన ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకునేంత మెల్లగా తిరుగుతోంది. మా ఆవిడ పైట చెంగుతో విసురుకుంటూ, "ఈ పంకా తిరిగితేనేమి, తిరక్కపోతేనేమి" అంది. ముద్ద నోటి దాకా వచ్చి ఆగింది. చెయ్యి కడుక్కోకుండానే లేచి నిలబడ్డాను. అన్నం బాగాలేదా అని మా ఆవిడ కంగారుపడింది. పప్పు బ్రహ్మాండంగా ఉందని చెప్పి మళ్లీ కూర్చున్నాను.

సంగతి ఇదీ. మోటారును చల్లబరిచే ఫ్యాను దాని ఇరుసుకే బిగించి ఉంటుంది. ఇరుసు జోరుగా తిరిగితే గాలి జోరుగా వస్తుంది. ఇరుసు మెల్లగా తిరిగితే గాలి రానట్టే. కానీ నూలు లాగే బరువు వేగం తగ్గినంత మాత్రాన తగ్గదు. అదే బరువు, అదే కరెంటు, అదే వేడి, గాలి మాత్రం లేదు. రిలేకు తెలిసింది కరెంటు ఒక్కటే. కరెంటు హద్దులో ఉంది కాబట్టి అది నోరు మూసుకుని కూర్చుంది. పుల్లీల కాలంలో ఈ బాధ లేదు, మిషను మెల్లగా నడిచినా మోటారు తన జోరు మీదే ఉండేది. కొత్త పెట్టె వచ్చాక మోటారునే నడకకు దించాం. దాని ఊపిరి ఎక్కణ్నుంచి వస్తుందో ఎవరం ఆలోచించలేదు.

పొద్దున మేనేజరుగారి దగ్గర అంతా చెప్పాను. గోనె సంగతి దాచుదామా అని ఒక్క నిమిషం అనిపించింది. దాస్తే తుప్పు ఎక్కడిదని ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది, అప్పుడు ఆయన్ను కాపాడడం నా వల్ల కాదు. చెప్పేశాను. మేనేజరుగారు కుర్చీలోంచి లేచారు.

"మోటారు మీద నీళ్లు పోశాడా! వాణ్ణి ఇంకా లోపల ఎందుకు ఉంచావయ్యా?"

"కాగకపోతే ఎందుకు కప్పుతాడు సార్? కాగేది మన తప్పు!"

"మన తప్పా? మన తప్పేవిటి?"

ఆయన అరిచారు, నేనూ అరిచాను. పక్కగదిలో టైపిస్టు లేచి కిటికీ మూసేశాడు. ఇద్దరికీ గొంతు పోయాక ఆయన మంచినీళ్లు తాగి, గ్లాసు నా వైపు తోసి, "సరే, ఏం చేద్దామంటావు?" అన్నారు. ఆ పెద్దమనిషి మీద నాకు గౌరవం కలిగింది ఆ మాటతోనే.

డ్రైవు అమ్మిన కంపెనీ ఇంజనీరుకు ట్రంకాల్ చేశాం. గరగరమనే లైన్లో నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు. "అంత నిదానంగా రోజంతా నడుపుతారని మీరు మాకు చెప్పలేదండీ" అన్నాడు. "మీరు అడగలేదు" అన్నాను. "నిజమే, అడగలేదు" అన్నాడు. రెండు పనులు చెయ్యమన్నాడు. ఒకటి, మోటారు వేగంతో సంబంధం లేకుండా ఎప్పుడూ ఒకే జోరు మీద తిరిగే బ్లోయరు పెట్టి దాని గాలి లోపలికి కొట్టించడం. రెండోది, వేడి తగిలితే తెరుచుకునే చిన్న స్విచ్చు మోటారు లోపల, తీగచుట్టకు ఆనించి పెట్టి, దాని వైర్లు డ్రైవుకు కలపడం. వేడి హద్దు దాటితే డ్రైవు దానంతటదే ఆగిపోతుంది. స్విచ్చు ఆయనే పంపించాడు. చింతగింజంత ఉంది. సాహెబు దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూసి, "ఇంత బిడ్డ అంత ఏనుగుని ఆపుతాదా?" అన్నాడు. అలా అన్నా, మోటారు లోపలి చుట్టకు దాన్ని దారంతో కట్టి, వార్నిష్ పూసి, తన చేతి పనిలో కలిసిపోయేలా దాచాడు.

బ్లోయరు ఆదోనిలో పత్తి గింజలు తీసే ఒక జిన్నింగు మిల్లు పాత సామాన్లలో దొరికింది. గాలి తీసుకుపోయే గొట్టానికి రేకు కోసం వెతుకుతుంటే గంజి మిషను ఆయనే అన్నాడు, "మన దుప్పటి గుడ్డ ఉండాది గదన్నా, మందంగా." నిజమే, బట్టల మిల్లులో కూర్చుని రేకు కోసం దేవులాడుతున్నాం! దర్జీ చేత దుప్పటి గుడ్డతో గొట్టం కుట్టించాం. బ్లోయరు వేస్తే అది నిండుగా ఉబ్బేది, ఆపితే వాలిపోయేది. గాలి వస్తోందా లేదా అని దూరం నుంచే తెలిసేది.

మేనేజరుగారు ఒక షరతు పెట్టారు. సన్ననూలు ఎక్కించి, ఎప్పుడూ నడిపేంత నిదానంగా, పొద్దున్నించి సాయంత్రం దాకా తన ఎదుట నడపాలి. మోటారు కాలితే గేటు మాట గేటు మాటే. నేత పెద్దలు ఇద్దరు ముగ్గురిని కూడా పిలిపించారు. ఆ రోజు మనవాడు చర్చికి పోయినట్టు చెప్పులు తొడుక్కుని వచ్చాడు. వాటిని గది బయట విడిచి, నాబ్ కళ్లకద్దుకుని, మిషను మొదలుపెట్టాడు.

పొద్దుటి పూట పెళ్లివారిల్లులా గడిచింది. నేత పెద్దలు నూలు వేళ్లతో తడిమి తలలూపారు. మేనేజరుగారు కుర్చీ వేయించుకుని పేపరు చదివారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, అందరికీ కునుకు పడుతున్న వేళ, డ్రైవు మీద ఎర్రదీపం వెలిగింది. మిషను నిలబడిపోయింది.

మేనేజరుగారు పేపరు మడిచారు. "అయిపోయిందయ్యా" అన్నారు, కోపంగా కాదు, దిగులుగా. గంజి మిషను ఆయన నాబ్ మీంచి చెయ్యి తీసేసి, గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. "నా రాత ఇంతేలే అన్నా" అన్నాడు.

నేను మోటారు దగ్గరికి పరిగెత్తాను. చూసి, నవ్వాను. మిల్లులో నేను పళ్లు కనపడేలా నవ్వడం అదే మొదటిసారని తర్వాత చెప్పుకున్నారు. అప్పుడైతే నాకు మతి పోయిందనుకున్నారు. దుప్పటి గొట్టం వాలిపోయి ఉంది. బ్లోయరు తిరుగుతూనే ఉంది, కానీ దాని నోటికి గదిలో ఎగిరే దూదంతా పట్టుకుని పరుపులా కమ్మేసింది. బట్టల మిల్లులో గాలి పీలిస్తే దూది వస్తుందని మాకు ఎవ్వరికీ తట్టలేదు! దాన్ని గుప్పిట్లతో పీకేశాను. గొట్టం బుస్సుమని ఉబ్బింది.

"సార్, ఇలా రండి. వాసన చూడండి."

మేనేజరుగారు వంగి చూశారు. "ఏమీ రావట్లేదే."

"అందుకే నవ్వుతున్నాను. ఇది కాలి ఆగలేదు సార్, కాలకముందే ఆగింది! ఆ చింతగింజ ఆపింది."

మీట నొక్కాను. కదల్లేదు. నేత పెద్దల్లో ఒకాయన గొంతు సవరించుకున్నాడు. ఇంకా చల్లబడలేదని చెప్పి బ్లోయరు అలాగే వదిలి అందరికీ టీ తెప్పించాను. ఆ టీ తాగిన వాళ్లెవరికీ రుచి తెలిసి ఉండదు. గ్లాసులు కింద పెట్టాక మళ్లీ నొక్కాను. ఎర్రదీపం ఆరింది. మోటారు హుమ్మని లేచింది.

ఆ తర్వాత ఆ మోటారు నా కాలంలో మళ్లీ కాలలేదు. బీము మార్చినప్పుడల్లా బ్లోయరు మూతి తుడవడం గంజి గదిలో అలవాటైపోయింది. ఆ తడిగోనె చింపి, అదే గుడ్డతో తుడిచేవాళ్లు. సాహెబు బజారులో కనపడినప్పుడల్లా, "మా పొట్ట కొడితివి గదా భాయ్, ఆ మోటారు మళ్లా మా గడప తొక్కలేదు" అని చాయ్ తాగించేవాడు. మీ బోర్డుల మీద డిగ్రీలు చూస్తున్నప్పుడు నాకు ఇవన్నీ గుర్తొస్తాయి. మిషను ఆగితే విసుక్కోకండి నాయనా, ముందు అది ఎందుకు ఆగిందో చూడండి.

ఆ పరీక్ష రోజు సంగతి ఇంకొంచెం ఉంది. మోటారు లేచాక మనవాడు గోడ దగ్గర్నించి లేచి వచ్చాడు. నిదానంగా తోలితే మళ్లీ ఆగిపోతుందన్న భయం పోలేదు. నాబ్ పట్టుకుని బాగా పైకి తిప్పాడు. మిషను జోరందుకుంది. గంజి చిందింది, అవతల ఎక్కడో ఒక పోగు తెగింది. మేనేజరుగారు కుర్చీలోంచి లేచి ఆయన పక్కకు వచ్చి నిలబడ్డారు.

"ఎందుకయ్యా అంత తొందర? నీ పద్ధతిలోనే నడుపు. నిదానంగానే నడుపు."

ఆయన నా వైపు చూశాడు. తలూపాను. చేతులకు గంజి అంటుకుని ఉంది, మణికట్టుతో కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత నాబ్ మెల్లగా కిందికి తిప్పాడు. మోటారు నడకలోకి దిగింది, దుప్పటి గొట్టం నిండుగా ఉబ్బి ఉంది, తొట్టిలో నూలు నింపాదిగా గంజి తాగుతూ పోయింది.